ఆత్మానుభూత భాణము: ఏకనటప్రదర్శనమునందు స్వీయచరిత్ర

దశరూపకములలో భాణమునకు మన పండితలోకమునఁ గలిగిన గౌరవము స్వల్పము. విటుఁడొక్కఁడు వేశవాటికలోఁ దిరుగుచు నాకాశమువంకఁ జూచి మాటలాడుటయే భాణమని సామాన్యముగాఁ దలంపఁబడుచున్నది. పాఠశాలలలో లక్షణము చెప్పునపుడును ఏకాంకము, ఏకపాత్రము, ధూర్తచరితము అని మూఁడు మాటలతో ముగించి ముందునకుఁ బోవుట యాచారము. కాని భరతముని దశరూపవిధానాధ్యాయమున భాణమును లక్షించుచు దానిని రెండు తెఱఁగులుగా విభజించెను. తా ననుభవించినదానినే చెప్పునది యొకటి. పరుల వృత్తాంతమును వర్ణించునది రెండవది. రెంటికిని సామాన్యధర్మము ఏకహార్యత్వము, అనఁగా నొక్కనిచేతనే ప్రయోగింపఁబడుట. దశరూపకకర్తయగు ధనంజయుఁడును భాణమునందలి వృత్తాంతము స్వానుభూతమైనను గావచ్చును, బరానుభూతమైనను గావచ్చు నని యీ విభాగమును నిలిపియే యున్నాఁడు.

ఈ రెండు శాఖలలో రెండవదియే మన వాఙ్మయమునఁ బెరిగినది. మానవల్లి రామకృష్ణకవిగారును ఎస్. కె. రామనాథశాస్త్రిగారును 1922లోఁ జతుర్భాణిని బ్రకటించినపుడు ప్రాచీనభాణముల స్వరూపము లోకమునకుఁ దేటపడినది. శూద్రక, ఈశ్వరదత్త, వరరుచి, శ్యామిలకుల పేర నున్న యా నాలుగు భాణములందును విటుఁడు చక్కని కన్ను, చతురమైన నోరు, అంతియే. వాఁడు చూచిన పట్టణము మనకుఁ గన్నులఁ గట్టును; చూచిన వాఁడు మాత్రము నీడగానే మిగులును. కొండవీటి పెదకోమటి వేమభూపాలుని యాస్థానమున వామనభట్టబాణుఁడు రచించిన శృంగారభూషణమును ఈ జాతిలోనిదే. ఆ విటుఁడు విటుఁడెట్లయ్యెను, ఆ మాటనేర్పు వానికెవరి యొద్ద నబ్బెను, దానికై వాఁడు కోలుపోయిన దేమి యను ప్రశ్న లీ భాణములలోఁ బుట్టవు. భరతుఁడు తలుపు తెఱచి యుంచిన మొదటి గదిలోనికి మనవా రంతగాఁ బ్రవేశింపలేదు.

ఇందులకుఁ గారణము వినయ మని కొందఱందురు. ఆత్మస్తుతి దోషమగుటచేఁ గవి తన్నుఁ గూర్చి తాను చెప్పుకొనక సూత్రధారునిచేఁ జెప్పించుట మర్యాద. భవభూతి తన వంశమును విద్యను బ్రస్తావనలలో నట్లే చెప్పించెను. ఈ సమాధానము కొంతవఱకు సత్యమే కాని చాలదు. అసలు చిక్కు రసవిచారమునందున్నది.

అభినవగుప్తపాదులు రసప్రతీతికి విఘ్నములను ఏడింటిని బరిగణించిరి. వానిలో రెండు ప్రకృతమునకు ముఖ్యములు. రంగముమీఁది సుఖదుఃఖములు ఫలానివానివే యని దేశకాలవిశేషములతో ముడిపడి తోఁచుట యొకటి. ప్రేక్షకుఁడు తన సుఖదుఃఖములకే వశుఁడై యుండుట రెండవది. మొదటిదానికిఁ బరిహారము పూర్వరంగము, కిరీటము, వేషము మున్నగునవి. వానిచే నటుని నిజస్వరూపము మఱుగుపడును. రెండవదానికిఁ బరిహారము గీతవాద్యాదులు. ఈ పరిహారములచేతనే రాముని శోకము రామునిది గాక, నటునిది గాక, మనది గాక, సర్వసాధారణమై కరుణరసముగాఁ బరిణమించును.

ఇఁక నటుఁడు తన పేరుతోఁ దన బట్టలతో వచ్చి, ఇది నాకు జరిగినది, నేనే చెప్పుచున్నాను అన్నయెడల మఱుగుపడవలసిన దేది? మఱుగుపఱచున దేది? కవియు, నాయకుఁడును, నటుఁడును ఒక్కఁడే యగుటచే శోకము లౌకికశోకముగానే నిలుచును. ప్రేక్షకుఁడు పొరుగువాని కష్టము విన్నట్లు జాలిపడును; లేదా యాత్మస్తుతి విన్నట్లు విసుగుఁ జెందును. రెండును రసము గావు. కావున ఆత్మానుభూతభాణము లక్షణమునఁ గలదు గాని ప్రయోగమున నసాధ్యమని చెప్పవలసివచ్చునా? ఈ వ్యాసమునకు విషయ మీ ప్రశ్నయే.

దీనికిఁ దర్కముచేతఁ గాక ప్రయోగముచేతఁ బ్రత్యుత్తరము వెదకుట మేలు. మన దేశమున నట్టి ప్రయోగములు విరళములు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో మాత్రము సుమారర్ధశతాబ్దముగా నటులు రంగముపై నొంటిగా నిలిచి తాము నటులెట్లయిరో చెప్పు ప్రదర్శనములు విరివిగా వెలసినవి. వారికి భరతుని పేరుతోఁ బనిలేదు. అయినను వారు తొక్కిన త్రోవ యీ లక్షణములోనిదే. అందు మూఁడు తెఱఁగులు నాకుఁ గనఁబడుచున్నవి.

మొదటి తెఱఁగునకు స్పాల్డింగు గ్రే (1941-2004) యుదాహరణము. ఇతఁడు 1979లో న్యూయార్కునఁ దన బాల్యమును గూర్చిన ప్రథమస్వగతప్రదర్శన మిచ్చెను. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక గ్లాసు నీరు, ఒక నోటుపుస్తకము: ఇంతియే సామగ్రి. 1980లో నితఁ డిచ్చిన అమెరికా రంగస్థల స్వీయచరిత్ర మన విషయమునకు మిక్కిలి దగ్గఱది. తాను వేషము వేసిన నాటకముల పేరులను అట్టముక్కలపై వ్రాసికొని, వానిని గలిపి, చేతికి వచ్చిన పేరునుబట్టి యానాఁటి జ్ఞాపకమును జెప్పుట దాని పద్ధతి. మన యవధానమున నప్రస్తుతప్రసంగి యడుగు ప్రశ్నవలె, ఇందు యదృచ్ఛ కథకుని గర్వము నదుపులో నుంచును. తన యెదుగుదలను సోపానక్రమమునఁ జూపి యిదిగో శిఖరమని నిలుచుటకు వానికి వీలుండదు. ఇందలి వృత్తి శుద్ధభారతి. వాక్కు దప్ప వేఱు లేదు. దీని గుణము నిజాయితి. గీతము, పరపాత్రాభినయము నించుమించుగా లేమిచే వినువాఁడు వ్యక్తివిశేషమునందే చిక్కుకొనుట దీని కొఱఁత.

రెండవ తెఱఁగు జాన్ లెగ్విజామోది. 1998లో బ్రాడ్‌వే రంగస్థలమున నాడిన ఇతని 'ఫ్రీక్' అను ప్రదర్శనమునఁ దండ్రి, తల్లి, బంధువులు, ఇరుగుపొరుగువారు అందఱును ఒక్కని దేహముననే పుట్టి యణఁగుచుందురు. ఇది మన హరికథకుని కౌశలమునకు సజాతీయము. ఇందు పరపాత్రలే ప్రధానములు; కథానాయకుఁడు వారి నడుమ నలిగి నటుఁడగును. దీనియందు హాస్యము బలిష్ఠము. కాని వేగమధికమగుటచే శోకము నిలువఁ జోటుండదు.

మూఁడవ తెఱఁగు ఈ రెంటికిని నడుమది. అది ఎలెయిన్ స్ట్రిచ్ (1925-2014) అను నటీమణి ప్రదర్శించిన 'ఎట్ లిబర్టీ'. 2001 నవంబరులో న్యూయార్కు పబ్లికు థియేటరునఁ బ్రారంభమై 2002లో బ్రాడ్‌వేకు వచ్చి, ఆ యేఁటి టోనీ బహుమానమును బడసి, పిమ్మట చలనచిత్రముగా 2004లో టెలివిజనునఁ బ్రసారమైనది. నటుల పరిభాషలో నీ పేరునకు వేషము దొరకక ఖాళీగా నున్నదని యర్థము. లోకభాషలో స్వతంత్రురాలైనదని యర్థము. ఈ శ్లేష ప్రదర్శనమంతట వ్యాపించియున్నది. డెట్రాయిటు పట్టణమునఁ గాథలికు మతసంప్రదాయమునఁ బెరిగి, 1944 ప్రాంతమున న్యూయార్కునకు వచ్చి, జర్మనీనుండి వలసవచ్చిన ప్రయోక్త ఎర్విన్ పిస్కటారు నడపిన నాట్యశాలలో మార్లన్ బ్రాండోతోడి సహాధ్యాయినియై, యిరువదవ శతాబ్ది యుత్తరార్ధమంతయు సంగీతనాటకములలోఁ బేరొందిన స్త్రీ తన కథను దానే చెప్పుచున్నది. ఒడలిపై వదులైన తెల్లచొక్కా, నల్లని బిగుతుమేజోళ్లు. రంగముపై నొక యెత్తుపీఁట. వేఱేమియు లేదు.

ఆహార్యము లేనిచోట నటీస్వరూపమును మఱుగుపఱచినదేది? నా తలంపున నది వయస్సు. ఈ ప్రదర్శనారంభమున నామెకు 76 ఏండ్లు నిండియున్నవి. పదియేడేండ్ల పిల్ల మద్యపుటంగడిని బురుషులను న్యూయార్కును మొదటిసారి చూచి బెదరిన తీరు నాయవ్వ యభినయించునపుడు, చెప్పునది యొకతె, చెప్పఁబడునది యొకతె. ఇద్దఱిపేరును ఒక్కటియే, కాని యిద్దఱి నడుమ నాఱుదశాబ్దముల దూరమున్నది. ఆ ముడుతలు పడిన మొగమే యా పిల్లకు ముసుఁగు. ప్రేక్షకుఁడు తన యెదుట నున్న వృద్ధకై గాని, యెన్నఁడో గడచిపోయిన బాలికకై గాని ప్రత్యేకముగా జాలిపడఁజాలఁడు. ఇద్దఱి నడుమనున్న కాలమునకై కరఁగును. కాలము సర్వసాధారణము. ఇట్లు కిరీటము చేయవలసిన పని నెరసిన వెండ్రుకలు చేసినవి. నలువది యేండ్లు నిండని నటుఁడు స్వీయచరిత్రను ఏకాకిగా నాడఁబూనినచో నీ సాధన మతనికి లోపించును. అతఁడు లెగ్విజామోవలెఁ బరపాత్రల వెల్లువచే దానిని బూరింపవలసియుండును.

రెండవ సాధనము గీతము. దీనికి నిదర్శనముగా నొక్క ఘట్టమును వివరింతును. 1950లో నారంభమైన 'కాల్ మి మేడమ్' అను సంగీతనాటకమున ఎథెల్ మెర్మను ప్రధాననటి. ఆమెకు జబ్బుచేసినచో నా వేషము తాల్చుటకు నియమింపఁబడిన బదులునటి స్ట్రిచ్. మెర్మనుకు జబ్బు చేయదు. ఇంతలో 'పాల్ జోయీ' యను నాటకపునఃప్రదర్శనమున నొక చిన్నవేషము, 'జిప్' అను నొక్క పాట స్ట్రిచ్చునకు దొరకినవి. అది న్యూయార్కునకు వచ్చుటకు ముందు, సుమారు 80 మైళ్ల దూరమున నున్న న్యూహేవను పట్టణమున నాడవలసివచ్చెను. ప్రతి సాయంకాలము తెఱ లేచుటకు ముందు న్యూయార్కున మెర్మను కుశలముగా నున్నదని నిశ్చయించుకొని, పిదప న్యూహేవనుకుఁ బరుగెత్తి, తన పాటవేళ కందుకొనవలెను. స్ట్రిచ్ ఈ పరుగును వట్టికథగాఁ జెప్పలేదు. కొంత కథ చెప్పి 'జిప్' పాటలోఁ గొంత పాడి, మరలఁ గథ, మరలఁ బాట యనునట్లు రెంటిని బెనవేసినది. ఆమె యే పాటకై పరుగెత్తుచున్నదో యా పాట మన చెవులఁ బడుచునే యున్నది. చేరునో చేరదో యను నౌత్సుక్యమును, చేరినదను నానందమును ఒక్కమాఱే కలుగును. 1951నాఁటి శీతకాలము ఇప్పటి రంగముతోఁ గలసిపోవును, దేశకాలనియమము తొలఁగును. గీతము ప్రేక్షకుని స్వచింతనుండి విడిపించు నని పూర్వులు చెప్పినది సత్యమే; ఇచట నది కథకురాలినిఁ గూడ స్వచింతనుండి విడిపించినది. అలంకారముగాఁ దగిలించిన పాట కిట్టి శక్తి లేదు. కథకుఁ గారణమును ఫలమును దానే యైన పాటకే యున్నది.

మూఁడవ సాధన మాకాశభాషితము. ఏమందువు అని తానే యడిగి, ఇట్లందువా అని తానే బదులు చెప్పు నీ యుపాయమును మనవారు భాణమునకుఁ బ్రాణముగాఁ జెప్పిరి. స్వీయచరిత్రమున దీనికి రసప్రయోజనమే కాక ధర్మప్రయోజనమును గలదు. రంగముపై లేనివారు ప్రత్యుత్తర మీయఁజాలరు. తల్లి, గురువు, తోడినటి, విడిచిపోయిన ప్రియుఁడు: వీరందఱ మాటలును కథకుని నోటనుండియే రావలెను. ఆతఁడే వాది, ఆతఁడే సాక్షి, ఆతఁడే న్యాయాధిపతి. గ్రే యేకాకిగాఁ బ్రదర్శించుటకు ముందు, 1977లోఁ దన తల్లి యాత్మహత్యను గూర్చి సహనటులతోఁ గూడి చేసిన 'రమ్‌స్టిక్ రోడ్' అను ప్రయోగమున బంధువుల గొంతులను యంత్రమునఁ బట్టి వినిపించెను. అందుఁ బరులమాట పరుల గొంతుననే యున్నది. ఏకహార్యమున నది సాధ్యము గాదు. కావున నచట న్యాయము కథకుని సంస్కారముపై నాధారపడును. లేనివారికిఁ దనకంటె మంచిమాట నిచ్చెనా లేదా యని చూచుటయే యిట్టి ప్రదర్శనమునకు గీటురాయి. మెర్మను ఘట్టమున స్ట్రిచ్ ఈ పరీక్షలో నెగ్గినది. అచట దిట్టయైన రాజ్ఞి మెర్మను, నగుఁబాటుపాలైనది తానే. పరుని గొప్పగాఁ జూపుటచేఁ గథకురాలి కళ గొప్పదైనది.

దోషములు లేవా? ఉన్నవి. నటియొక్క ప్రణయవృత్తాంతములు చెప్పుచోటులఁ బ్రసిద్ధపురుషుల నామములు వరుసగా వచ్చును. ఆ పేరుల నెఱిఁగినవారికి నవ్వు వచ్చును. ఎఱుఁగనివారికి ద్వారమువద్దనే నిలిచిపోవలసివచ్చును. ఇచట నాకాశభాషితము సన్నగిల్లి వట్టి నామకీర్తనముగా మాఱినది. పేరు చెప్పినంతమాత్రమున మనిషి రాఁడు. ఇది యాత్మకథాప్రదర్శనముల కన్నిటికిని బొంచియున్న యపాయము.

కర్తృత్వవిషయమొకటి గమనింపఁదగినది. ప్రకటనపత్రమునందు దీనిని నిర్మించినవాఁడు జాన్ లార్ అను విమర్శకుఁడనియు, పునర్నిర్మించినది స్ట్రిచ్ అనియు నున్నది. దర్శకత్వము జార్జి వుల్ఫుది. తన కథ తనదే యైనను దానిని వడపోయుటకు వేఱొక కన్ను కావలసినదని యీ వింతవాక్యము చాటుచున్నది. భవభూతి తన్నుఁ గూర్చి సూత్రధారునిచేఁ జెప్పించిన మర్యాదకును దీనికిని నంత దూరము లేదు. ఏకహార్యమన నొక్కఁడు ప్రయోగించున దని యర్థమే కాని యొక్కఁడు కల్పించున దని యర్థము గాదు.

ఇఁక ఫలము. భాణమున ముఖనిర్వహణసంధులు రెండే యుండవలె నని లాక్షణికులు విధించిరి. ఈ విధి కేవలము కురచతనముచేత నేర్పడినదని నేనును జాలకాలము తలఁచియుంటిని. ఈ ప్రదర్శనమును జూచినపిదప నా తలంపు మాఱినది. స్ట్రిచ్చుకథకు బీజము భయము. తెఱ లేచునపుడు కలుగు భయము నడఁచుటకై యామె చిన్ననాఁటనే మద్యము నాశ్రయించినది. కళయు మద్యమును విడఁదీయరానివిగాఁ జిరకాలము బ్రదికినది. మధుమేహము మీఁదపడఁగా విడిచినది. దీనినంతయుఁ జెప్పుచున్న యా ఘడియలో నామె మద్యము లేకయే, తోడుగా మఱియొక నటుఁడు లేకయే, నిండుసభ యెదుట నిలిచియున్నది. నడిమి సంధులన్నియు మాటలలోనే గడచినవి. నిర్వహణము మాటలలో లేదు. ఆ నిలుచుటయే నిర్వహణము. గ్రంథరూపమైన యాత్మకథలో నేను కళాకారుఁడనైతి నని వ్రాసినవానిని మనము నమ్మవలెను. రంగముపై నమ్మనక్కఱలేదు, చూచిన జాలును. వాఁడు కళాకారుఁడు గాకున్నచో నా కథయే మనకుఁ జేరదు. నటుఁడు నటుఁడైన కథకు రంగమే తగినచోటనుట కిది ముఖ్యకారణము.

కావున ఆత్మానుభూతభాణ మసాధ్యము గాదు. పూర్వులు చెప్పిన విఘ్నములు నిజమైనవే. వానికిఁ బరిహారములును గలవు. వయస్సు వేషమగును, కథలోఁ బుట్టిన పాట గీతమగును, లేనివారిపట్ల న్యాయము ఆకాశభాషితమగును. ఈ మూఁడును దప్పినచో మిగులునది యాత్మస్తుతి గాని విలాపము గాని యగును.

ఈ విచారము మన హరికథను స్మరింపఁజేయక మానదు. ఒక్కఁడే గజ్జెలు గట్టి, చిడతలు పట్టి, సర్వపాత్రలను దానేయై చూపు నేకహార్యవిద్య మనకు నేఁటికిని గలదు. దానికిఁ బితామహుఁడని పేరొందిన అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు (1864-1945) విజయనగరమున 1883లోఁ గుప్పుస్వామినాయఁడను భాగవతుని హరికథను విని, తామును గథకులై, ధ్రువచరిత్రముతో నారంభించి, 1919లో నా నగరమున వెలసిన సంగీతకళాశాలకుఁ బ్రథమాధ్యక్షులైరి. కథకుఁడగుట యెట్టిదో వారికంటెఁ దెలిసినవా రెవరు? ఆ కథను వారు వేదికమీఁదఁ గాక 'నా యెఱుక' యను గ్రంథమునఁ జెప్పిరి. ఇది వారి లోపము గాదు. హరికథకు ఫలము భక్తి. అందుఁ గథకుని స్వవిషయము పిట్టకథకు మించి పెరిగినచో నది రసభంగమే. కాని ధ్రువచరిత్రమును జెప్పఁబూనిన యా పందొమ్మిదేండ్ల కుఱ్ఱనిని, ఎనుబదేండ్ల దాసుగారు గజ్జెలతో నిలిచి చూపియున్నచో నెట్లుండెడిదో సహృదయు లూహింతురు గాక. స్త్రీపాత్రధారణమునఁ బ్రఖ్యాతులైన స్థానము నరసింహారావుగారును (1902-1971) దమ యనుభవములను 'నటస్థానము' అను పుస్తకమునకే యప్పగించిరి. వార్ధకమున నొకనాఁడు వేషము లేకయే సభ యెదుట నిలిచి, తాము సత్యభామయైన తీరును జూపియున్నచో, వయస్సే యాహార్యమగు ననుటకు మనయింటనే దృష్టాంతము దొరకియుండెడిది.

ఆ యవకాశములు గడచినవి. గ్రంథములు మిగిలినవి, గొంతులు మిగులలేదు. అయినను నేఁటికిని మన యూళ్లలో వృద్ధులైన హరిదాసులున్నారు, పద్యనాటకములాడిన నటు లున్నారు, బుఱ్ఱకథ చెప్పిన స్త్రీలున్నారు. వారిని సన్మానించునపుడు మనము శాలువకప్పి, నాలుగు పద్యములు చదివి, వారి కథను మనమే చెప్పి పంపుచున్నాము. దానికి మాఱుగా వారిని రంగముపై నొంటిగా నిలిపి, మీరెట్లు నేర్చితిరి, ఎవరు మిమ్ము వలదనిరి, మొదటి రాత్రి గొంతు వణఁకినదా అని యొక గంట చెప్పింపరాదా? నడుమఁ బాడవలసివచ్చినచోఁ బాడుదురు. గురువు గొంతు రావలసినచో గురువు గొంతుతోఁ బలుకుదురు. వారికి నేర్పవలసిన దేమియు లేదు. భాణలక్షణమును బాఠము చెప్పు పండితులు మాత్రము విటునితో నాఁగక, భరతుఁడు మొదటఁ జెప్పిన యాత్మానుభూతశంసిని గూడ విద్యార్థులకు వివరించినచో, ఆ శాఖ చిగురించుటకు నేల సిద్ధమగును. నా నిర్ణయమున దోషములున్నచో విద్వాంసులు సవరింతురు గాక.